మోచేతి స్థానం: ఒక గోల్ఫు పాఠంలో శాస్త్రమెంత, అలవాటెంత?

గాజువాక ఆటోనగరులో లారీ కమాను పట్టీలను సాపుచేసే పనివాడిని గమనించినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. అతడు సమ్మెట ఎత్తగానే కొట్టడు. మొదట సమ్మెట తలను కొట్టవలసిన చోట ఆనించి, చేతులు చాచి, కాళ్ళు సర్దుకొని నిలబడతాడు. ఆ తరువాతనే సమ్మెట పైకి లేస్తుంది. దెబ్బ మాత్రం మొదట ఆనించిన చోటనే పడుతుంది. బడి ఆవరణలో బిళ్ళంగోడు ఆడే కుర్రవాడు కూడా బిళ్ళను ఎగరగొట్టే ముందు కోడును ఒకసారి దాని దగ్గరగా పెట్టి దూరం చూసుకుంటాడు. ఈ సర్దుబాటుకు గోల్ఫు ఆటలో ఒక శాస్త్రమే పెరిగింది. బంతి ముందు నిలబడినప్పుడు చేతులు ఎట్లా వేలాడాలి, మోచేతులు ఎటు చూడాలి అనే విషయంపై పుస్తకాలే వచ్చాయి.

విశాఖపట్నంలో గోల్ఫు మైదానం ముడసర్లోవ ప్రాంతంలో ఉన్నది. గాజువాక వారికి అది నగరానికి అవతలి కొస. ఉన్నత పాఠశాల విద్యార్థులలో ఆ ఆట చూసినవారు తక్కువ, ఆడినవారు మరీ తక్కువ. అయినా ఆ ఆటలోని ఈ ఒక్క ప్రశ్న భౌతికశాస్త్ర ఉపాధ్యాయునికి, జీవశాస్త్ర ఉపాధ్యాయునికి, వ్యాయామ ఉపాధ్యాయునికి ముగ్గురికీ పనికివస్తుంది. ఒక మేటి ఆటగాడు తన అనుభవాన్ని సూత్రాలుగా రాసినప్పుడు అందులో శాస్త్రం ఏది, సొంత అలవాటు ఏది అని విడదీసి చూడడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

హోగన్ పాఠం

ఆ మేటి ఆటగాడు అమెరికాకు చెందిన బెన్ హోగన్ (1912–1997). 1949లో కారు ప్రమాదంలో ఎముకలు విరిగి, మళ్ళీ నడవగలడా అని సందేహించవలసిన స్థితినుండి లేచి, 1950లో అమెరికా ఓపెన్ పోటీ గెలిచినవాడు. 1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ అనే రచయిత సహాయంతో అతడు వెలువరించిన ‘ఫైవ్ లెసన్స్’ అనే గ్రంథం గోల్ఫు బోధనలో నేటికీ ప్రమాణంగా పేర్కొనబడుతున్నది. దానికి బొమ్మలు వేసిన ఆంథొనీ రవియెలీ శరీర నిర్మాణం బాగా తెలిసిన చిత్రకారుడు. కండరాలు, కీళ్ళు కళ్ళకు కట్టినట్లు కనిపించే ఆ బొమ్మలు గ్రంథానికి సగం బలం.

చేతుల విషయంలో హోగన్ చెప్పిన మాటల సారాంశం ఇది. దండచేతులు రొమ్ముకు ఇరుపక్కలా గట్టిగా ఆని ఉండాలి. రెండు మోచేతులూ, రెండు ముంజేతులూ వీలైనంత దగ్గరగా ఉండాలి. మోచేతి మొన, అంటే వెనుకవైపు గట్టిగా తగిలే ఎముక, అదే పక్కనున్న తుంటి ఎముకను చూడాలి. మోచేతి గుంట, అంటే చేయి ముడిచినప్పుడు లోపల మడతపడే భాగం, ఆకాశాన్ని చూడాలి. రెండు గుంటలూ ఒకదానినొకటి చూడకూడదు. ఎడమ చేయి చాచి ఉండాలి. కుడి మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. ఈ సూత్రాలన్నీ కుడిచేతివాటం వారికి. ఎడమచేతివాటం వారు తారుమారు చేసుకోవాలి. చేతులను తాళ్ళతో కలిపి కట్టినట్లు చూపే బొమ్మ ఒకటి ఈ బోధనకు ప్రతీకగా నిలిచిపోయింది.

ముందుగా, నిలబడే తీరుకు ఇంత పట్టింపు అవసరమా అన్నది ప్రశ్న. అవసరమే. పైకెత్తిన గోల్ఫు కర్ర కిందికి దిగి బంతిని తాకడానికి పట్టే కాలం దాదాపు పావు సెకను. ఒక తప్పును కన్ను చూసి, మెదడు గ్రహించి, కండరం సవరించడం మొదలుపెట్టడానికే సుమారు 0.2 సెకను కావాలి. అనగా కర్ర దిగడం మొదలైన తరువాత సవరణకు వ్యవధి లేనట్లే. బంతికి, కర్ర తలకు మధ్య స్పర్శ ఇంకా స్వల్పం, దాదాపు 0.0005 సెకను. 46 గ్రాముల బంతి ఆ కాలంలో సెకనుకు 60 మీటర్ల వేగం అందుకుంటే, దానిపై పనిచేసిన సగటు బలం ఎంతో తొమ్మిదవ తరగతి విద్యార్థి లెక్కకట్టగలడు. ద్రవ్యవేగంలో మార్పును కాలంతో భాగిస్తే సుమారు 5,500 న్యూటన్లు వస్తుంది. అది 560 కిలోగ్రాముల బరువుతో సమానం. ఇంతటి బలం బంతిపై ఏ చోట పడాలో నిర్ణయించే అవకాశం, కర్ర ఎత్తకముందు నిలబడిన తీరులోనే ఎక్కువగా ఉన్నది. హోగన్ తన అయిదు పాఠాలలో మొదటి రెండింటిని పట్టుకీ నిలకడకీ కేటాయించడం అందువల్ల సమంజసమే.

మోచేతి గుంట ఎటు చూడాలి?

చేతిలో పైనుండి కిందికి మూడు కదలికలను గుర్తుంచుకోవాలి. భుజం దగ్గర ఉన్నది బంతిగిన్నె కీలు. అక్కడ భుజాస్థి అన్నివైపులకూ తిరుగుతుంది, తన అక్షం చుట్టూ కూడా తిరుగుతుంది. మోచేతి దగ్గర ఉన్నది మడతబందు కీలు. అది తలుపు బందువలె ఒకే తలంలో కదులుతుంది. ఇక ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలున్నాయి. రత్ని అరత్నిపైకి అడ్డంగా తిరగడం వల్ల అరచేయి పైకీ కిందికీ తిరుగుతుంది.

ఈ మూడింటిని వేరుచేసి చూపడానికి ఒక ప్రయోగం చాలు. విద్యార్థి బల్ల ముందు కూర్చొని, కుడిచేయి ముందుకు చాచి, అరచేతిని బల్లమీద బోర్లా ఆనించాలి. అరచేయి కదలకుండా ఉంచి, మోచేతిని మాత్రం తిప్పాలి. మోచేతి గుంట ఒకసారి ఎడమవైపుకు, ఒకసారి పైకి తిరుగుతుంది. అరచేయి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. భుజాస్థి ఒకవైపు తిరిగినప్పుడు, ముంజేతి ఎముకలు ఎదురువైపు తిరిగి ఆ మార్పును సరిపెడుతున్నాయి. కాబట్టి గోల్ఫు కర్రను ఒకే విధంగా పట్టుకొని కూడా మోచేతులను అనేక విధాలుగా ఉంచవచ్చును. పట్టు కుదిరితే మోచేయి దానంతట అదే కుదురుతుందని అనుకోవడం పొరపాటు. పట్టుకు ఒక పాఠం, మోచేతికి వేరే పాఠం చెప్పడంలో హోగన్ పరిశీలన చాలా నిశితమైనది.

మోచేతి గుంట పైకి చూడడం ఎందుకు మేలు? తలుపు బందును ఏ దిశలో బిగిస్తే తలుపు ఆ దిశలోనే తెరుచుకుంటుంది. మోచేతి గుంట పైకి ఉన్నప్పుడు చేయి ముడిస్తే ముంజేయి పైకి లేస్తుంది. గుంట లోపలివైపు ఉన్నప్పుడు ముడిస్తే ముంజేయి రొమ్ముకు అడ్డంగా వస్తుంది, మోచేయి బయటికి పొడుచుకొని వస్తుంది. కర్రను వెనుకకు ఎత్తేటప్పుడు కుడిచేయి తప్పక ముడుచుకుంటుంది. అది పైకి ముడుచుకోవాలా, అడ్డంగా ముడుచుకోవాలా అన్నది ముందుగానే బందు దిశతో నిర్ణయమవుతున్నది. కాబట్టి కుడి మోచేతి విషయంలో హోగన్ సూత్రానికి యంత్రశాస్త్రం మద్దతు ఉన్నది.

కుడి మోచేయి కొద్దిగా వంగి ఉండాలన్న మాటకూ కారణం ఉన్నది. కర్రమీద కుడిచేయి ఎడమచేతికంటె కింద ఉంటుంది. దానిని అందుకోవడానికి కుడి భుజం కొంత కిందికి వాలుతుంది. అట్లా వాలినప్పుడు కుడి మోచేతికి కొద్దిపాటి వంపు సహజంగానే వస్తుంది. వంపు లేకుండా బిగిస్తే భుజం ముందుకు వచ్చి నడుము మెలిపడుతుంది.

ఎడమ చేయి ఎంత తిన్నగా ఉండాలి?

అసలు చిక్కు ఎడమ మోచేతి దగ్గర ఉన్నది. ‘ఎడమచేయి తిన్నగా పెట్టు’ అన్న మాట గోల్ఫు నేర్చుకునే ప్రతివాడూ మొదటిరోజే వింటాడు. ఎందుకో చెప్పేవారు తక్కువ.

భుజంనుండి పిడికిలివరకు గల దూరాన్ని ఒక వ్యాసార్ధంగా భావించవచ్చును. దండచేయి 30 సెం.మీ., మోచేతినుండి పిడికిలివరకు 33 సెం.మీ. అనుకొంటే, చాచిన చేయి 63 సెం.మీ. మోచేయి వంగితే ఈ దూరం ఎంత తగ్గుతుందో కాగితంమీద త్రిభుజాలు గీసి కొలవవచ్చును. త్రికోణమితి తెలిసినవారు లెక్కకట్టవచ్చును. ఫలితాలు ఇవి:

వంపు 10 డిగ్రీలు: తగ్గుదల 2.4 మి.మీ.
వంపు 20 డిగ్రీలు: తగ్గుదల 9.5 మి.మీ.
వంపు 30 డిగ్రీలు: తగ్గుదల 21.4 మి.మీ.

వంపు రెండింతలైతే తగ్గుదల దాదాపు నాలుగింతలు, మూడింతలైతే దాదాపు తొమ్మిదింతలు. అనగా తగ్గుదల వంపు యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతున్నది. గోల్ఫు బంతి కనీస వ్యాసం 42.67 మి.మీ.; వ్యాసార్ధం 21.3 మి.మీ. నిలబడినప్పుడు తిన్నగా ఉన్న మోచేయి బంతిని తాకేవేళకు 30 డిగ్రీలు వంగితే, బంతి నడుమను తాకవలసిన కర్ర అంచు దాదాపు దాని నెత్తిమీదుగా పోతుంది. ఊపు తలం ఏటవాలుగా ఉంటుంది గనుక నిలువు తేడా కొంచెం తగ్గుతుంది. అయినా దెబ్బ చెడినట్లే. అదే మోచేయి 10 డిగ్రీలు మాత్రమే వంగితే తేడా గడ్డిపరక మందంలో కలిసిపోతుంది.

ఇంకొక కారణం వడిసెల తిప్పినవారికి తెలిసినదే. రాయి తిరుగుతున్నంతసేపూ తాడు బిగుసుకొని ఉంటుంది. గోల్ఫు కర్ర తల బరువు సుమారు 200 గ్రాములు. అది సెకనుకు 40 మీటర్ల వేగంతో సుమారు ఒకటిన్నర మీటరు వ్యాసార్ధంలో తిరిగితే చేతిని బయటికి లాగే బలం 200 న్యూటన్లు దాటుతుంది. ఇరవై కిలోగ్రాముల బరువు చేతికి వేలాడినట్లు. ఆ లాగుడుకు వదులుగా ఉన్న ఎడమ మోచేయి దానంతట అదే చాచుకొనే అవకాశం ఉన్నది. కాబట్టి నిలబడినప్పుడే చేయి వంచి పెట్టుకొన్నవాని చేయి దెబ్బవేళకు పొడవై, కర్ర బంతికి ముందే నేలను గీరుతుంది. తాకేవేళకు చేయి ఎంత పొడవుగా ఉండబోతున్నదో, నిలబడినప్పుడే అంత పొడవుగా ఉంచడం దీనికి విరుగుడు. ఎడమచేయి తిన్నగా ఉండాలన్న నియమానికి ఇదే కారణం. సమ్మెట తలను ఇనుముపై ఆనించి చేతులు చాచే పనివాడు చేస్తున్నదీ ఇదే.

అయితే ఈ కారణం ఇంకొక సంగతి కూడా చెబుతున్నది. చేతిని చాచేది దెబ్బలోని లాగుడే అయినప్పుడు, ముందుగా కండరాలను బిగించి కర్రవలె చేయడం అవసరం లేదు. పది డిగ్రీల లోపు సడలింపు వల్ల నష్టం రెండు మూడు మిల్లీమీటర్లే. బిగించిన కండరాల వల్ల భుజం, మణికట్టు స్వేచ్ఛగా తిరగలేకపోవడం అంతకంటె పెద్ద నష్టం. ‘తిన్నగా’ అన్న మాటను ‘బిగించి’ అని అర్థం చేసుకొన్న శిష్యులు అనేకులు. హోగన్ బొమ్మలలోని కట్లు, తాళ్ళు ఆ అపార్థానికి దోహదం చేశాయనే చెప్పాలి.

ఒకరి శరీరం అందరి శరీరమా?

హోగన్ గ్రంథంలోని ముఖ్యమైన లోపం ఇక్కడ బయటపడుతుంది. రెండు ముంజేతులను వీలైనంత దగ్గరగా చేర్చాలని ఆయన అందరికీ ఒకే నియమం పెట్టాడు. కాని అరచేతులు ముందుకు చూసేట్లు చేతులు కిందికి వేలాడదీస్తే, ముంజేయి దండచేతితో సరిగా ఒకే వరుసలో ఉండదు. కొంచెం బయటికి ఒరిగి ఉంటుంది. శరీర నిర్మాణ శాస్త్రంలో ‘మోత కోణం’ అనదగిన ఈ ఒరుగు సాధారణంగా 5 నుండి 15 డిగ్రీలవరకు ఉంటుంది. సగటున స్త్రీలలో కొంచెం ఎక్కువ. రొమ్ము వెడల్పు, భుజాల వెడల్పు కూడా మనిషికీ మనిషికీ మారుతాయి. ఒకరికి సునాయాసంగా కలిసే మోచేతులు మరొకరికి ఊపిరి బిగబట్టినా కలవవు. రవియెలీ బొమ్మలలో ఉన్నది ఒకే ఒక దేహం. సూత్రాలు మాత్రం సమస్త దేహాలకూ అని ప్రకటించబడినవి.

హోగన్ తన ఆటలో చాలాకాలం ఒక జబ్బుతో పెనుగులాడాడు. అతడు కొట్టిన బంతి గమ్యానికి ఎడమవైపు గట్టిగా వంపు తిరిగి పోయేది. దానిని మాన్పుకోవడానికి చేసిన సాధన ఆ గ్రంథానికి వెనుక ఉన్నది. తన జబ్బుకు తాను కనిపెట్టిన మందు తనకు గుణమిచ్చింది. అంతమాత్రాన అది ఊరందరికీ ఒకే మోతాదులో పనికివస్తుందనుకోరాదు. ఈ మోచేతి సూత్రాలలో కొలతలు లేవు; ఇన్ని డిగ్రీలవరకు ఫరవాలేదు, ఇంతకు మించితే ప్రమాదం అన్న హద్దులు లేవు. అనుభవజ్ఞుని మాటలో ఉండే నమ్మకం ఉన్నది. పరీక్షించి చూసుకొనే వీలు మాత్రం పాఠకునికి ఇవ్వలేదు.

ఆ పరీక్ష ఆట మైదానంలోనే జరిగింది. 1953లో అమెరికా ఓపెన్ గెలిచినవాడు హోగన్. మరుసటి ఏడు, 1954లో, అదే పోటీని గెలిచినవాడు ఎడ్ ఫర్గోల్. చిన్నతనంలో దెబ్బ తగిలి అతని ఎడమ మోచేయి వంగిపోయి, తిరిగి చాచుకోలేదు. హోగన్ గ్రంథం అచ్చు కావడానికి మూడేళ్ళ ముందే ‘తిన్నని ఎడమచేయి’ లేనివాడు దేశంలోకెల్లా పెద్ద పోటీ గెలిచాడన్నమాట. తరువాతి కాలంలో కాల్విన్ పీట్ (1943–2015) అనే ఆటగాడు వచ్చాడు. చిన్నప్పుడు చెట్టుమీదినుండి పడి ఎడమ మోచేయి విరిగి, అతనికి ఆ చేయి పూర్తిగా చాచుకొనేది కాదు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత గోల్ఫు పట్టి, అమెరికా వృత్తి ఆటగాళ్ళ పోటీలలో పన్నెండు గెలిచాడు. అంతకంటె గమనించవలసినది, 1981 నుండి 1990 వరకు వరుసగా పదేళ్ళు, మొదటి దెబ్బను సరియైన దారిలో పెట్టడంలో అతడే అందరికంటె ముందు నిలిచాడు.

ఇది అద్భుతమని చెప్పి ఊరుకోవడం శాస్త్ర పద్ధతి కాదు. పై లెక్కనే మళ్ళీ చూడాలి. దెబ్బ చెడేది వ్యాసార్ధం తక్కువగా ఉన్నందువల్ల కాదు; మధ్యలో మారినందువల్ల. పీట్ మోచేయి వంగి ఉన్నది, కాని ఆ వంపే అతని చేతికి పూర్తి పొడవు. కర్ర ఎంత లాగినా అది అంతకు మించి చాచుకోదు. నిలబడినప్పుడు ఎంత దూరమో, తాకేవేళకు ఇంచుమించు అంతే దూరం. మామూలు చేతికి తిన్నదనం ద్వారా లభించే స్థిరత్వం అతనికి వంపు ద్వారానే లభించింది. కాబట్టి నియమాన్ని ఇట్లా తిరగరాయవలసి ఉన్నది: ‘నీ చేయి ఎంతవరకు సుఖంగా చాచుకొంటుందో అంతవరకు చాచు, ఆ పొడవు చివరిదాకా మారనీయకు.’ ఇందులో హోగన్ సూత్రమూ ఇముడుతుంది, ఫర్గోల్, పీట్ చేతులూ ఇముడుతాయి.

మరొక గ్రంథం

హోగన్ తరువాత పదకొండేళ్ళకు, 1968లో, బ్రిటన్‌లో ఆలిస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనేవారు ‘ది సెర్చ్ ఫర్ ది పర్ఫెక్ట్ స్వింగ్’ అనే గ్రంథం వెలువరించారు. శాస్త్రజ్ఞుల బృందం వేగ ఛాయాచిత్రాలతో, కొలతలతో చేసిన పరిశోధనల ఫలితం అది. గోల్ఫు ఊపును జంట లోలకంతో పోల్చి, భుజాల నడుమ ఒక ఇరుసు, చేతులు ఒక కడ్డీ, కర్ర మరొక కడ్డీ, మణికట్టు వాటి మధ్య కీలు అని చూపారు. హోగన్ గ్రంథంలో లేని లెక్క ఇందులో ఉన్నది. కాని ఆ ప్రాథమిక నమూనాలో చేయి ఒకే కడ్డీ, మోచేయి లేనేలేదు. ఊపును సులభంగా అర్థం చేసుకోవడానికి ఆ సరళీకరణ న్యాయమే. అయితే మోచేయి ఎటు చూడాలని అడిగే శిష్యునికి ఆ కడ్డీ జవాబు చెప్పదు. ఒక గ్రంథం చేయి స్పర్శతో తెలిసినదానిని కొలత లేకుండా చెప్పింది. మరొకటి కొలత కోసం చేతిని కడ్డీ చేసింది. ఉపాధ్యాయుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవడం మంచిది.

బడిలో దీని ఉపయోగం

ఉన్నత పాఠశాలలో గోల్ఫు లేకపోయినా మోచేతులున్నాయి. చెట్లమీదినుండి, సైకిళ్ళమీదినుండి పడి మోచేయి విరగడం పిల్లలలో అరుదు కాదు. ఎముక సరిగా కూడకపోతే చేయి కొంచెం వంకరగా మిగిలిపోతుంది. అటువంటి పిల్లవాడు బంతి విసరబోయినా, బల్లెం పట్టబోయినా, ‘చేయి తిన్నగా పెట్టు’ అన్న మాట ఎదురవుతుంది. పెట్టలేనివాడు పక్కకు తప్పుకొంటాడు. తరువాత ఆటల గంటలో గోడవారన కూర్చోవడం అలవాటవుతుంది. నియమానికి కారణం తెలియనివారు ఆ పిల్లవానిలో లోపాన్ని చూస్తారు. కారణం తెలిసినవారు అతని చేతికి తగిన నియమాన్ని వెదుకుతారు.

అందుకు ఖర్చులేని పద్ధతి ఒకటి ఉన్నది. ఒక దారం, ఒక కోణమాని, ఒక సుద్దముక్క చాలు. ప్రతి విద్యార్థీ చేయి సుఖంగా చాచినప్పుడు మోచేయి ఎన్ని డిగ్రీల దగ్గర ఆగుతుందో తోటి విద్యార్థి కొలవాలి. భుజంనుండి పిడికిలివరకు దారంతో కొలిచి రాసుకోవాలి. నొప్పి కలిగేట్లు ఎవరి చేతినీ లాగరాదు. తరువాత ఒక కర్రతో నేలమీది సుద్దగుర్తును మెల్లగా తాకుతూ పదిసార్లు ఊపాలి. మొదట మోచేయి తన హద్దువరకు చాచి, తరువాత కావాలని 30 డిగ్రీలు వంచి మొదలుపెట్టి, ఏ పద్ధతిలో ఎన్నిసార్లు గుర్తు తాకిందో పట్టిక వేయాలి. తరగతిలో చేయి పూర్తిగా చాచలేని విద్యార్థి ఉంటే అతని పట్టికను మిగతావారి పట్టికలతో పోల్చాలి. ఫలితం ఏమి రావాలో ముందుగా చెప్పకూడదు, పట్టికలే చెప్పాలి.

ఈ పరీక్ష తరువాత హోగన్ గ్రంథం చదివిన విద్యార్థికి దాని విలువ తగ్గదు. కుడి మోచేతి బందు దిశనూ, పట్టుకూ మోచేతికీ ఉన్న తేడానూ లెక్కలు లేకుండానే పట్టుకొన్న ఆ ఆటగాని చూపు అతనికి మరింత స్పష్టమవుతుంది. తాళ్ళతో కట్టిన చేతుల బొమ్మ దగ్గర మాత్రం అతడు ఆగి, కోణమాని తీసి తన చేతిని కొలుచుకొంటాడు.